గోలీల డబ్బా విప్పి చూడండి
(రేడియోలో మహిళల కోసం చేసిన ప్రసంగం)



మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా? అత్తగారో, మామగారో, కన్నతల్లో, తండ్రో? ఉంటే వాళ్ళ మంచం దగ్గర ఒక డబ్బా కూడా ఉండే ఉంటుంది. ఒకప్పుడు ఆ డబ్బాలో వక్కలు, సున్నం డబ్బీ ఉండేవి. ఇప్పుడు గోలీలుంటున్నాయి. బీపీకి ఒకటి, షుగరుకు రెండు, రక్తం పలచబడటానికి ఒకటి, కడుపులో మంటకు ఒకటి. ఇవాళ ఆ డబ్బా సంగతే మీతో మాట్లాడదామని వచ్చాను.

నేను డాక్టర్ని కాను, ఆఫీసులో పనిచేసేదాన్నీ కాను. పదో తరగతి పాసై, పెళ్ళై రామన్నపేటకు కాపురానికి వచ్చినదాన్ని. మా వారిది చిన్న దుకాణం. ఇద్దరు పిల్లల చదువులు, అత్తమ్మ, ఇంటి పని, ఇదీ నా లోకం. నాకు తెలిసింది తక్కువే. కాని మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. ఆ తర్వాత నేను నలుగుర్నీ అడిగి, నాలుగు చోట్లకూ తిరిగి కొన్ని విషయాలు తెలుసుకున్నాను. అవి ముందే తెలిసి ఉంటే మా ఇంట్లో ఆ రోజు వచ్చేది కాదు. మీ ఇంట్లో రాకూడదనే చెప్తున్నాను.

మా అత్తమ్మకు అప్పుడు డెబ్బై రెండేళ్ళు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. చలికాలం ఒకరోజు పొద్దున వాకిట్లో నల్లా దగ్గర చెంబు పట్టుకుని నిలబడ్డది నిలబడ్డట్టే కూలబడిపోయింది. లేపి కూర్చోబెడితే కళ్ళు తిరుగుతున్నాయన్నది. మాట కొంచెం తడబడింది. ఆటోలో వేసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. బీపీ చూసి ఆయన ముఖం మారింది. పైది 190 దాటింది.

"గోలీలు రోజూ వేసుకుంటున్నావా అమ్మా?" అని ఆయన అడిగాడు.

"ఏసుకుంటున్న సారూ" అన్నది అత్తమ్మ, నేలకేసి చూస్తూ.

దేవుడి దయవల్ల ఆ రోజు కాలూ చెయ్యీ పడిపోలేదు. "ఇంకోసారి ఇట్లా అయితే పక్షవాతం రావచ్చు, జాగ్రత్త" అని చెప్పి పంపించారు.

ఇంటికొచ్చి ఆమెను పడుకోబెట్టి నేను ఆ డబ్బా విప్పాను. బీపీ గోలీలు మేం కొని నలభై రోజులైంది. రెండు పట్టీలు, పదిహేనేసి చొప్పున ముప్పై గోలీలు. లెక్క ప్రకారం పది రోజుల కిందటే అయిపోవాలి. కాని ఇంకా పది మిగిలి ఉన్నాయి. అడుగున కాగితం పొట్లంలో సగం సగం విరిచిన ముక్కలున్నాయి. నలభై రోజుల్లో ఇరవై గోలీలు. అంటే రోజుకు సగమే!

"ఇదేంది అత్తమ్మా?" అని అడిగాను.

కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: "సగం ముక్కకు ఏమైతది బిడ్డా. పోరగాండ్ల ఫీజులు గట్టాలె. నాకొచ్చే పింఛనంత గీ గోలీలకే పోతే ఎట్ల?"

సోదరీమణులారా, ముందు నాకు కోపం వచ్చింది, ఆ వెనకే సిగ్గేసింది. ఇంట్లో కందిపప్పు ఎంతుంది, నూనె ఎన్నాళ్ళొస్తుంది అన్నీ వేలి మీద లెక్క చెప్పగల దాన్ని. ఆమె గోలీల లెక్క మాత్రం ఒక్కనాడూ చూడలేదు. అప్పుడు ఆమెకొచ్చే ఆసరా పింఛను 2,016 రూపాయలు. ఆమె మందులకు నెలకు పద్నాలుగు వందల దాకా అయ్యేవి. ఆమె చదువుకోలేదు గాని ఆ లెక్క ఆమెకు తెలుసు. తన ప్రాణం నుంచి సగం విరిచి మా సంసారానికి మిగిలిద్దామనుకున్నది.

రాత్రి మా వారితో చెప్పాను. "మనకు ఆరోగ్యశ్రీ ఉంది గదా, మందులకు డబ్బులెందుకు?" అన్నారాయన. నేనూ నిజమేననుకున్నాను. మర్నాడు కార్డు తీసుకుని మందుల షాపుకు పోయాను. షాపబ్బాయి కార్డు తిప్పి చూసి, "ఇది ఇక్కడ నడవదమ్మా, ఆస్పత్రిలో చేరితేనే" అన్నాడు.

మనలో చాలామందికి తెలియని సంగతి ఇదే. ఆస్పత్రి ఖర్చు వేరు, నెల నెలా గోలీల ఖర్చు వేరు. ఒకదానికున్న కార్డు రెండోదానికి పనికిరాదు. నేను మా ఇంట్లో ఒక్క ముక్కలో చెప్తుంటాను: "కార్డు మంచానికి, గోలీకి కాదు."

ఆరోగ్యశ్రీ సంగతే చూడండి. అది 2007 ఏప్రిల్ 1న మన పక్క మహబూబ్‌నగర్ జిల్లాలో, దాంతోపాటు అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. పెద్ద జబ్బు వచ్చి ఆపరేషను చేయించలేక పొలాలమ్ముకునే వాళ్ళ కోసం వచ్చిన పథకం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి దాని పరిమితి ఏడాదికి పది లక్షలైంది. కేంద్ర ప్రభుత్వం వారి ఆయుష్మాన్ భారత్ 2018లో వచ్చింది. మన రాష్ట్రం అందులో 2021లో చేరింది. డెబ్బై ఏళ్ళు నిండిన వారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి ఐదు లక్షల దాకా వైద్యం అందించే వయ్ వందన కార్డును 2024 అక్టోబరు 29న కేంద్రం ప్రారంభించింది.

ఇవన్నీ మంచివే. గుండెకు స్టెంటు వేయాలన్నా, తుంటి ఎముక విరిగినా ఇవే ఆదుకుంటాయి. కాని ఇవి ఆస్పత్రిలో చేరినప్పటి కోసం పుట్టినవి. ఇంట్లో కూర్చుని రోజూ వేసుకునే బీపీ గోలీకి వీటిలో చోటు లేదు.

మరి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన తర్వాతి మందులో? దానికి కొద్దిరోజుల లెక్క ఉంది. ఆరోగ్యశ్రీలో డిశ్చార్జి అయ్యేటప్పుడు పది రోజుల మందులిస్తారు. ఆయుష్మాన్ భారత్‌లో ఆస్పత్రి నుంచి వచ్చాక పదిహేను రోజుల దాకా ఖర్చు చూస్తారు. అవయవ మార్పిడి వంటి కొన్ని పెద్ద చికిత్సలకు మాత్రం ఆ తర్వాతి పరీక్షలకూ మందులకూ కూడా ఏర్పాటుంది. అందుకని డిశ్చార్జి నాడు ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను తప్పకుండా అడగండి: "ఈ మందులు ఎన్ని రోజులకు? అయిపోయాక ఎక్కడ తీసుకోవాలి?" అని.

ఈ ప్రశ్న అడగక మా వీధిలో ఒక పెద్దాయన ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. గుండెకు స్టెంటు వేయించుకుని ఇంటికొచ్చాడు. పొట్లంలో ఇచ్చిన గోలీలు పద్ధతిగా వేసుకున్నాడు. పదకొండో రోజు పొట్లం ఖాళీ. "సార్లు ఇచ్చిన మందు ఒడిసింది, ఇగ నాకు బాగైనట్టే" అనుకున్నాడు. స్టెంటు వేసిన వాళ్ళు రక్తం పలచబడే గోలీ డాక్టరు చెప్పిందాకా ఒక్కరోజైనా మానరాదు. ఆయనకు ఆ సంగతి తెలియలేదు, ఇంట్లో వాళ్ళకూ తెలియలేదు. మూడు వారాలకే మళ్ళీ గుండెనొప్పితో పోయాడు. బతికి బయటపడ్డాడు, అది ఆయన అదృష్టం. పొట్లం అయిపోతే మందు అయిపోయినట్టు కాదు. ఈ మాట పెద్దవాళ్ళకు మనమే చెప్పాలి.

ఇది మన దగ్గరే ఉన్న చిక్కనుకోకండి. మా ఆడబిడ్డ అమెరికాలో ఉంటుంది. అంత డబ్బున్న దేశంలో ముసలివాళ్ళకు అన్నీ ఊరికే ఇస్తారనుకునేదాన్ని. ఆమెను అడిగితే అసలు సంగతి చెప్పింది. అక్కడ అరవై ఐదేళ్ళు దాటిన వాళ్ళకు మెడికేర్ అని ప్రభుత్వ పథకం ఉంది. దాని చట్టం 1965లో వచ్చింది. ఆస్పత్రికీ డాక్టరుకూ అందులో ఏర్పాటు ఉంది గాని, ఇంట్లో వేసుకునే గోలీలకు లేదు. గోలీల కోసం "పార్ట్ డి" అని వేరే భాగం 2006 జనవరిలో గాని మొదలు కాలేదు. అంటే నలభై ఏళ్ళు! ఇప్పటికీ ఆ భాగంలో ఎవరికి వారు ఒక ప్లాను ఎంచుకుని చేరాలి, నెల నెలా రుసుము కట్టాలి. తన మందు ఆ ప్లాను జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. పిల్లల దగ్గరికి వెళ్ళి స్థిరపడ్డ మన తల్లిదండ్రులు కూడా గ్రీన్ కార్డు వచ్చి, ఐదేళ్ళు అక్కడ వరసగా ఉంటేనే ఆ మెడికేరును డబ్బు కట్టి తీసుకోగలరు. ఎక్కడైనా గోలీల దారి వేరే వెతుక్కోవలసిందే.

మన దగ్గర ఆ దారులు మూడున్నాయి. ఒక్కొక్కటే చెప్తాను. కాగితం కలం ఉంటే రాసుకోండి.

మొదటి దారి, మనకు దగ్గరగా ఉండే సర్కారు దవాఖాన. ఊళ్ళలో ఉప కేంద్రం, పల్లె దవాఖాన, పీహెచ్‌సీ. హైదరాబాదులో ఉండేవారికి బస్తీ దవాఖానాలు. బీపీ, షుగరు వంటి ఎన్నాళ్ళైనా పోని జబ్బులకు దేశమంతటా 2010 నుంచి ఒక ప్రత్యేక కార్యక్రమం నడుస్తున్నది. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతివారికీ పరీక్ష చేసి, జబ్బుంటే పేరు రాసుకుని, గోలీలు ఉచితంగా ఇవ్వడం అందులో భాగం. 2017 చివర బీపీ కోసమే ఇంకో ప్రత్యేక ప్రయత్నం మొదలుపెడితే, మొట్టమొదట ఎంచుకున్న ఐదు రాష్ట్రాల్లో మన తెలంగాణ ఒకటి. ఒక్కసారి పేరు నమోదైతే నెలకు సరిపడా గోలీలు ఒకేసారి ఇవ్వడం దాని పద్ధతి.

కేంద్రం జాబితా ప్రకారం పీహెచ్‌సీలో 172 రకాల మందులు, ఉప కేంద్రంలో 106 రకాలు ఉండాలి. బీపీకి రాసే ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, షుగరుకు రాసే మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వంటి రోజువారీ గోలీలు ఆ జాబితాలోనివే. మన అత్తల, అమ్మల డబ్బాల్లో ఉండేవి చాలావరకు ఇవేగదా! మీ పేటకు వచ్చే ఆశా కార్యకర్తను, నర్సమ్మను అడిగితే ఎక్కడ, ఏ రోజు ఇస్తారో చెప్తారు. వెళ్ళేటప్పుడు ఆధార్ కార్డు, పాత చీటీ, ఇప్పుడు వేసుకుంటున్న గోలీల పట్టీలు వెంట తీసుకుపోండి. పెద్దవాళ్ళను మొదటిసారి తప్పకుండా వెంటపెట్టుకుని పోవాలి, బీపీ చూసి పేరు రాసుకుంటారు గనుక. వరుసలో నిలబడలేరని వెనుకాడకండి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పెద్దవారికి ఆస్పత్రుల్లో వేరే వరుస ఉండాలని అందులో రాసి ఉంది. మర్యాదగా అడగండి.

రెండో దారి, ఉద్యోగం వల్ల వచ్చిన హక్కు. మామగారో, నాన్నగారో ఏ ఉద్యోగం చేసి దిగిపోయారో ఒకసారి గుర్తు చేసుకోండి. కేంద్ర ప్రభుత్వంలో చేసి ఉంటే సీజీహెచ్‌ఎస్ కేంద్రాల్లో రోజువారీ మందులు కూడా ఇస్తారు. ఆ కేంద్రాలు లేని ఊళ్ళో ఉండే పింఛనుదారు బయటి రోగిగా మందులు తీసుకోకుండా నెలకు వైద్య భత్యం కోరుకోవచ్చు. 2017 జులై నుంచి ఆ భత్యం వెయ్యి రూపాయలైంది. సైన్యంలో చేసి వచ్చిన వారికి 2003 నుంచి ఈసీహెచ్‌ఎస్ ఉంది. వాళ్ళ పాలిక్లినిక్కుల్లో మందులిస్తారు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకూ పింఛనుదార్లకూ ఖైరతాబాదులో మొదలుపెట్టి వెల్‌నెస్ సెంటర్లు 2016 నుంచి వచ్చాయి.

ఇక మిల్లులో, ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయిన వాళ్ళ సంగతి. ఇది చాలామందికి తెలియదు, అందుకే నొక్కి చెప్తున్నాను. ఈఎస్ఐలో కనీసం ఐదేళ్ళు ఉండి, వయసు నిండి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే చాలు. ఆయనకూ ఆయన భార్యకూ ఈఎస్ఐ డిస్పెన్సరీలో వైద్యం, మందులు కొనసాగుతాయి. నెలకు పది రూపాయలు! మా వారి దుకాణానికి వచ్చే ఒక పెద్దాయనకు ఈ సంగతి చెప్తే, "రిటైరైనంక అయన్నీ పోయినయనుకున్న" అన్నాడు. ఆరేళ్ళుగా షాపులోనే కొంటున్నాడట. పాత ఈఎస్ఐ కార్డు పెట్టెలో ఎక్కడో ఉంటుంది, వెతకండి.

మూడో దారి, జన్ ఔషధి దుకాణం. ఇక్కడ ఉచితం కాదు, చౌక. 2008 నవంబరులో అమృత్‌సర్‌లో మొదటిది తెరిచారు. 2025 జనవరి నాటికి దేశంలో పదిహేను వేలు దాటాయి. పెద్ద కంపెనీ పేరు మీద అమ్మే మందుకంటే ఇక్కడ ధర సగానికి సగం, కొన్నిటికి ఐదో వంతు దాకా కూడా తక్కువ. మందు అదే, పేరే వేరు. బియ్యం అదే, సంచీ మీద బొమ్మ వేరైనట్టు. ప్రతి దఫా సరుకునూ ప్రయోగశాలలో పరీక్ష చేయించాకే దుకాణాలకు పంపుతారు. మీకు దగ్గర్లో ఎక్కడుందో 1800-180-8080 నంబరుకు ఫోను చేస్తే చెప్తారు. డాక్టరు చీటీ మాత్రం ఉండాలి. పట్టీ మీద ఎర్ర గీత ఉన్న మందు ఎక్కడైనా చీటీ లేకుండా కొనకూడదు.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేశామో చెప్తాను. మా వారిది ఉద్యోగం కాదు గనుక రెండో దారి మాకు లేదు. అత్తమ్మను సర్కారు దవాఖానకు తీసుకుపోదామంటే ఆమె ఒప్పుకోలేదు.

"ఊకెనే ఇచ్చేటి గోలీ పనిచేస్తదా? పైసలు వెట్టి కొన్నదే గట్టిగుంటది" అన్నది.

ఇది ఆమె ఒక్కదాని మాట కాదు. చదువుకున్న మనమూ మనసులో అదే అనుకుంటాం. పైగా ఆ వరుసలో నిలబడితే ఎవరైనా చూస్తారేమోనని మనకు కొంచెం నామోషీ కూడా. నిజం చెప్పొద్దూ, నాకూ ఉండేది. "అత్తమ్మా, మూడు నెలలు వాడుదాం. నెల నెలా బీపీ చూపిద్దాం. తగ్గకుంటే మళ్ళా కొన్నవే తెస్తా" అని ఒప్పందం చేసుకున్నాను. చీటీలోని ఆరు మందుల్లో మూడు దవాఖానలోనే దొరికాయి. మిగిలినవి నల్లగొండ పోయినప్పుడు జన్ ఔషధిలో తెచ్చాం. పద్నాలుగు వందలయ్యే చోట రెండు వందల లోపే అయింది. మూడో నెల బీపీ చూస్తే పైది 138, కిందిది 84. అత్తమ్మ ఆ అంకెలు రెండుసార్లు చదివించుకుని, "గదే గోలీయా?" అన్నది. ఇంకేమీ అనలేదు. సగం విరవడం ఆ రోజుతో మానేసింది.

అయితే అంతా సాఫీగా నడిచిందని చెప్పను. ఒక నెల ఒకచోటికి పోతే, "గోలీలు అయిపోయినయి, వచ్చే వారం రండి" అన్నారు. వారం రోజులు బీపీ గోలీ మానితే ఏమవుతుందో మేం చూసే ఉన్నాం గదా! అప్పటి నుంచి నేనొక నియమం పెట్టుకున్నాను. డబ్బాలో పది రోజుల గోలీలు ఉండగానే తర్వాతి నెలవి తెచ్చేస్తాను. దొరక్కపోతే ఆ కొద్దిరోజులకు సరిపడా జన్ ఔషధిలో కొంటాను. ఒక్కరోజు కూడా ఖాళీ పెట్టను.

ఇంకొన్ని జాగ్రత్తలున్నాయి. ఇవి నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి.

మందు మార్చేటప్పుడు పాత పట్టీలు డబ్బాలోంచి తీసేయండి. మా ఇంట్లో కొత్తవి తెచ్చిన వారం అత్తమ్మ పాత కంపెనీ గోలీ, కొత్త గోలీ రెండూ వేసుకున్నది. రంగులు వేరు గనుక రెండూ వేరు మందులనుకున్నది. ఒకటే మందు రెండింతలైంది. షుగరు పడిపోయి చెమటలు పట్టాయి. బెల్లం నీళ్ళు తాగించి డాక్టరుకు చూపించాం. రంగు చూడొద్దు, కంపెనీ పేరు చూడొద్దు. పట్టీ మీద రాసిన అసలు మందు పేరు, దాని పక్కన ఎన్ని మిల్లీగ్రాములో చూడండి. ఆ రెండూ చీటీతో సరిపోవాలి. తెలియకపోతే దవాఖానలో గోలీలిచ్చే ఆయననే అడిగి, పట్టీ వెనక పెన్నుతో "పొద్దున", "రాత్రి" అని రాయించుకోండి.

గోలీ విరవమని డాక్టరు చెప్తేనే విరవాలి. కొన్ని గోలీలు కడుపులో మెల్లమెల్లగా కరిగేటట్టు చేసి ఉంటారు. వాటిని విరిస్తే మందంతా ఒక్కసారే దిగుతుంది.

రెండు మూడు మందులు కలిపిన గోలీ రాస్తే దవాఖానలో అది దొరక్కపోవచ్చు. అప్పుడు, "అయ్యా, ఇవి విడివిడిగా రాయండి, విడివిడిగా అయితే ఇక్కడే దొరుకుతాయి" అని డాక్టరును అడగండి. అడిగితే తప్పేమీ లేదు. థైరాయిడ్, మూర్ఛ, రక్తం పలచబడే మందుల వంటివి మాత్రం కంపెనీ మార్చేముందు డాక్టరుకు చెప్పి మార్చాలి.

అన్నిటికీ నంబర్లు ఉన్నాయి. ఆరోగ్యశ్రీ అయినా, ఇతర ఆరోగ్య సందేహాలైనా 104. ఆయుష్మాన్ భారత్ సంగతులకు 14555. పెద్దవాళ్ళ కష్టసుఖాలు ఏవైనా చెప్పుకోడానికి 14567. వీటిని గోడ మీద క్యాలెండరు పక్కన పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. డెబ్బై దాటిన వాళ్ళకు వయ్ వందన కార్డు ఉంటే, ఏ ఆస్పత్రిలో అది చెల్లుతుందో అవసరం పడకముందే అడిగి పెట్టుకోండి. అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినప్పుడు వెతుక్కునే పని పెట్టుకోకండి.

సోదరీమణులారా, పెద్దవాళ్ళు మనకు అన్నీ చెప్పరు. నొప్పి చెప్పరు, ఆకలి చెప్పరు. ఖర్చంటే అసలే చెప్పరు. ఎవరికీ భారం కావొద్దని ఒక గోలీ తగ్గించుకుంటారు, ఒకరోజు మానేస్తారు. పైకి "ఏసుకుంటున్న" అనే అంటారు. మా అత్తమ్మ ఆ రోజు పడిపోకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. పడిపోయి లేవలేకపోతే, తెలిసీ లాభం ఉండేది కాదు.

అందుకని ఇవాళ రాత్రి ఒక పని చేయండి. వంటిల్లు సర్దుకున్నాక అత్తగారి దగ్గరో, అమ్మ దగ్గరో కూర్చోండి. వేరే ఊళ్ళో ఉంటే ఫోను చేయండి. ఆ డబ్బా విప్పి గోలీలు లెక్క పెట్టండి. కొన్న తేదీ నుంచి ఎన్ని రోజులైంది, ఎన్ని మిగలాలి, ఎన్ని ఉన్నాయి చూడండి. లెక్క తేడా వస్తే కోప్పడకండి. ఎందుకు మానేశారో మెల్లగా అడగండి. ఖర్చే కారణమైతే, నేను చెప్పిన మూడు దారుల్లో మీ ఇంటికి ఏది ఉందో రేపే కనుక్కోండి.

మా అత్తమ్మ ఇప్పుడు నెలాఖరుకు తానే గుర్తు చేస్తుంది: "బిడ్డా, పది గోలీలే ఉన్నయ్, దవాఖానకు పోయి వద్దామా?" అని. ఆ మాట వింటే నాకు ఎంత నిబ్బరమో మీకు చెప్పలేను. మీ ఇంట్లో కూడా ఆ మాట వినిపించాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.